ప్యాలెస్ కింద నాలుగు స్తంభాలు

ఆగస్టు 9, శనివారం

ముప్పయ్యేళ్లుగా సైట్ నోట్‌బుక్‌లు ఇంగ్లిష్‌లోనే రాశాను. తేదీ, వాతావరణం, కొలతలు, కింద సంతకం. అవి ఆఫీసువి. ఎక్కడైనా తేడా వస్తే నేరుగా లాయర్ల బల్ల మీదికి పోయే పుస్తకాలు. ఇది నా సొంతం. తెలుగులో రాసుకుంటే ఆఫీసులో ఒక్కడికీ అర్థం కాదు. అరవైకి దగ్గరపడ్డ స్ట్రక్చరల్ ఇంజనీరు మనసులో మాట ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా. అంతకు మించి కారణమేమీ లేదు.

కోటేశ్వరరావు ఈరోజు తన ప్యాలెస్ చూపించాడు. మేము ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం నాలుగు నెలలు ఎటోబికో అనే ఊళ్లో తన ఇంటి బేస్‌మెంట్‌లో ఉంచుకుని, రోజూ పొద్దున్నే నన్ను కారులో ఇంటర్వ్యూలకి దింపిన మనిషి. ఇప్పుడు మూడు బాంక్వెట్ హాళ్లు నడుపుతున్నాడు. ఇది నాలుగోది. మేముండే ఓక్‌విల్ నుంచి నలభై నిమిషాలు, సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఊరి మధ్య స్క్వేర్, స్క్వేర్‌కి ఒక పక్కంతా ఈ ప్యాలెస్.

1889లో విస్కీ కంపెనీ యజమాని ఒకాయన వియన్నా వెళ్లొచ్చి, అక్కడ చూసిన బరోక్ భవనం లాంటిదే ఇక్కడ కావాలని కట్టించుకున్నాడట. ముందు గోడ నిండా రాతి పూలదండలు, శంఖాలు, బొద్దుగా ఉన్న రెక్కల పిల్లలు. పక్క సందులోకి వెళ్లి చూస్తే మామూలు ఎర్ర ఇటుక గోడ. ముందు నుంచి వియన్నా, పక్క నుంచి గోడౌన్. నాకు నవ్వొచ్చింది.

ప్రవేశ మందిరం సీలింగ్ నిండా కూడా రెక్కల పిల్లలే. కింద నాలుగు మెలితిరిగిన స్తంభాలు, పిండిన తువ్వాళ్లలా. వాటి పైన దూలాలు, దూలాల మీద పై అంతస్తు డాన్సు హాలు. గోడకి అసలు డ్రాయింగ్ ఫ్రేము కట్టి పెట్టారు. బరువు పైనుంచి కిందికి ఏ దారిన దిగుతుందో వేలితో చూపించొచ్చు.

“గురువుగారూ, సిటీ ఆఫీసు వాళ్లు ఇంజనీరు లెటర్ కావాలంటున్నారు. పై హాల్లో ఆరొందల మంది ఉండొచ్చని. మీరుండగా నేను బయటివాళ్ల దగ్గరికెళ్తే బావుంటుందా, మీరే చెప్పండి” అన్నాడు కోటేశ్వరరావు.

సీలింగ్ కొంచెం తెరిచి దూలం చూడాలన్నాను.

“అది హెరిటేజ్ అండీ. ఆ రెక్కల పిల్లల మీద చెయ్యేస్తే పర్మిషన్‌కే రెండు నెలలు పట్టుద్ది. మేడమ్‌గారు బతుకమ్మకి ఇదే హాలు అనుకున్నారు కదా. సెప్టెంబర్ ఇరవై ఏడు.”

మేడమ్‌గారంటే రత్నకుమారి, నా భార్య. తెలంగాణ అసోసియేషన్‌లో ఈ ఏడాది బతుకమ్మ పని మొత్తం తనదే. కోటేశ్వరరావు ఇంటి నుంచి ఉప్మా, ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు. అట్టపెట్టె మీద పెట్టుకుని తిన్నాం. వద్దనలేకపోయాను. ఉప్మాని కాదు.

ఆగస్టు 13, బుధవారం

లెటర్ ఇచ్చేశాను. ఆఫీసు ద్వారా కాదు, సొంత సీలు వేసి. ‘కంటితో పరిశీలించినంతలో’ అన్న మాట రెండుసార్లు రాశాను. ‘నాలుగు స్తంభాలూ దృఢంగా ఉన్నాయి’ అని కూడా రాశాను. ఉన్నాయి కదా. చూశాను.

రత్న తెగ సంబరపడింది. “పన్నెండేండ్ల సంది స్కూల్ జిమ్ముల్లనే ఆడుతున్నం. బాస్కెట్‌బాల్ నెట్టు కింద బతుకమ్మ! ఈసారి అద్దాల మేడల ఆడతం” అంది. ఫోనులో పదిమందికి చెప్పింది. మా ఆయనే సంతకం పెట్టిండు అని కూడా చెప్పింది. ఆ మాట విని నాకూ గర్వంగానే అనిపించింది.

ఆగస్టు 16, శనివారం

టేపు అక్కడ మరిచిపోయానని వెళ్లాను. టేపు దొరికింది. తాళం వేసే మనిషి కోసం చూస్తూ ఒక స్తంభానికి ఆనుకున్నాను. ఊరికే, తోచక, కారు తాళంచెవితో తట్టాను.

ముందున్న రెండూ రాయి. తాళంచెవి టక్కుమని ఆగింది. వెనక రెండూ ఖాళీ నూనెడబ్బాలా మోగాయి.

ప్లాస్టర్ లోపలి రాయి నుంచి విడిపోయి ఉంటుంది. పాత కట్టడాల్లో మామూలే.

ఆగస్టు 17, ఆదివారం

పాత కట్టడాల్లో మామూలే.

ఆగస్టు 23, శనివారం

ఆ ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్ర గది ఉంది. శనివారాలు డోరతీ అనే ఎనభయ్యేళ్లావిడ వాలంటీరుగా కూర్చుంటుంది. చరిత్ర మీద ఆసక్తితో వచ్చానన్నాను. అది అబద్ధం కాదు.

ప్యాలెస్ ఫైలు తీసింది. విస్కీ ఆయన పోయాక అది క్లబ్బు అయింది. 1926లో కింద భాగాన్ని సినిమా హాలు చేశారు. 1958లో సినిమా పోయి బ్యాంకు వచ్చింది. ఎనభైల్లో బ్యాంకు పోయి ప్రభుత్వ ఆఫీసు. ఆ తర్వాత పదిహేనేళ్లు పావురాలు. వచ్చిన ప్రతివాడూ వెనకటివాడు చేసింది కప్పేసి, పైన పూలదండలు అతికించి పోయాడు.

“చిన్నప్పుడు అక్కడ సినిమాలు చూశాను. ఎక్కడ కూర్చున్నా తెర బాగా కనిపించేది. వెనక స్తంభాలు రెండూ తీసేశారుగా” అంది డోరతీ.

ఫోటో చూపించింది. కుర్చీల వరసలు, తెర. స్తంభాలు రెండే.

మరి ఇప్పుడు నాలుగున్నాయే అని అడిగాను.

“అవి బ్యాంకు వాళ్లు పెట్టినవి. రెండే ఉంటే గుమ్మం బోసిగా ఉందని. మా నాన్న ఆ బ్యాంకులోనే క్యాషియరు. ఒకదానికి వెనకవైపు చిన్న తలుపుండేది. అందులో చీపుర్లు పెట్టుకునేవాళ్లు.”

అలాంటప్పుడు పై అంతస్తును ఏది మోస్తోందన్నాను. గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

డోరతీ నవ్వింది. “ఇంజనీరువి నువ్వు కదా, నాయనా.”

నేను చెప్పలేదే ఇంజనీరునని. చొక్కా జేబులో స్కేలు చూసి ఉంటుంది.

సెప్టెంబర్ 1, సోమవారం, సెలవు

1926 నాటి డ్రాయింగ్ నకలు డోరతీ ఈమెయిల్‌లో పంపింది. తెలివైన పని చేశారు. వెనక స్తంభాలు రెండూ తీసేసి, వాటి మీది దూలాన్ని పైకప్పు ట్రస్సుకి, అంటే కప్పు మోసే చట్రానికి, వేలాడదీశారు. ఉత్తరం వైపు స్తంభం ఉన్నచోట ఒక ఇనప కడ్డీ, దక్షిణం వైపు ఒకటి. డాన్సు హాలు గోడల్లో బంగారు అలంకారాల వెనక నుంచి దిగుతాయి. ఎవరికీ కనపడవు.

నేను బరువు కిందికి దిగుతోందని రాశాను. అది పైకి ఎక్కుతోంది.

కడ్డీలు బాగుంటే హాలుకి ఢోకా లేదు. అంటే నా లెటర్లో మాట నిజమే, కారణం ఒక్కటే తప్పు. తొంభై తొమ్మిదేళ్లు ఆగిన కట్టడం ఇంకో సాయంత్రం ఆగదా?

అటక ఎక్కి కడ్డీలు చూడాలి. ఈ వారం ఆఫీసులో పని ఎక్కువ.

సెప్టెంబర్ 6, శనివారం

పై హాల్లో కోలాటం రిహార్సల్. నలభై మంది ఆడపిల్లలు, ముందు మా ఇషిత. ఇరవై నాలుగేళ్లది, ఇంట్లో తెలుగు అడిగితే ఇంగ్లిష్ చెబుతుంది, కోలాటం మాత్రం మా కాకినాడ వాళ్లెవరూ ఆడనంత బాగా ఆడుతుంది.

గోడవారగా నిలబడ్డాను. కర్రలు కలిసినప్పుడల్లా షాండిలియర్‌లో గాజుముక్కలు గలగలమన్నాయి. మొదట పాట తాళం అనుకున్నాను. పాట ఆగాక కూడా నాలుగైదు సార్లు మోగింది.

కూర్చున్న ఆరొందల మంది వేరు, ఒకే అడుగు వేసే ఆరొందల మంది వేరు. ఉయ్యాలని సమయం చూసి ఒక్క వేలితో తోసినా ఎంత ఎత్తుకి పోతుందో పసిపిల్లకీ తెలుసు. బతుకమ్మ అంటే అదే. వలయం, చప్పట్లు, అందరి అడుగూ ఒకేసారి. నా లెటర్లో నేను లెక్క కట్టింది పెళ్లి భోజనాల జనాన్ని.

“నాన్నా, ద ఫ్లోర్ బౌన్సెస్! ఇట్స్ సో ఫన్!” అని పరుగెత్తుకొచ్చింది ఇషిత.

నీళ్లు తాగు అన్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

అటక ఎక్కాను.

దక్షిణపు కడ్డీ బాగుంది. తీగలా బిగువుగా ఉంది. ఉత్తరపు కడ్డీ దగ్గర ఎనభైల్లో హీటింగ్ గొట్టం వేసినవాడెవడో, అడ్డమొచ్చిందని పైన పట్టుకునే ఇనప పలకని సగం కోసేశాడు. కడ్డీ పట్టుకుని చూశాను. చేత్తోనే కదిలింది. బరువు మోసే కడ్డీ కదలదు.

అంటే అది నలభై ఏళ్లుగా ఏమీ మోయడం లేదు. ఉత్తరం వైపు దూలాన్ని ఇన్నాళ్లూ మోస్తున్నది కింద ఉన్న చీపుర్ల బీరువా. చెక్క చట్రం, మీద ప్లాస్టర్, మెలితిప్పిన అందం.

ఎవరికీ ఏమీ కాలేదు ఇప్పటిదాకా. అంతమంది ఆడలేదు ఇప్పటిదాకా.

భయం వేసింది. చాలా భయం వేసింది. దిగి వచ్చి కారులో పావుగంట కూర్చున్నాను. స్క్వేర్‌లో పిల్లలు ఐస్‌క్రీములు తింటున్నారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

కోటేశ్వరరావు ఇంటికి వెళ్లాను, అంతా చెప్పేద్దామని. వాళ్లావిడ పెసరట్లు వేస్తానంది. ఆయన పెళ్లిళ్ల బుకింగులు చూపించాడు, వచ్చే జూన్ దాకా నిండిపోయిందట. ఉన్నదంతా ఈ ప్యాలెస్‌లోనే పెట్టానన్నాడు.

“కోటేశ్వరరావు గారూ, జనాన్ని కొంచెం తగ్గిస్తే ఎలా ఉంటుందంటారు?”

“ఎందుకండీ? లెటర్ ఉంది కదా.”

“ఉంది.”

“మీ లెటరే కదా గురువుగారూ?”

“నాదే.”

“మరింకేంటండీ” అని నవ్వాడు. నా ప్లేటులో ఇంకో అట్టు పడింది.

వెనక స్తంభం పక్కన దూలానికి ఆసరాగా రెండు ఇనప జాకీ కంబాలు నిలబెడతాను, ఊరికే జాగ్రత్తకి, అన్నాను. ఆయన ముఖం కొంచెం మారింది. “ఎంట్రన్స్‌లో ఫోటోలు దిగుతారండీ. సరే, మీరు చెబితే కాదంటానా. కనపడకుండా పెట్టండి.”

చెప్పేశాను. ఒకరకంగా చెప్పినట్టే.

సెప్టెంబర్ 16, మంగళవారం

రత్నతో డీజే వద్దన్నాను. బతుకమ్మ పాటలు నెమ్మదిగా పాడుకుంటే చాలు, చివర గంటసేపు డీజే పెట్టి గెంతడమేంటి అన్నాను.

“ప్రతి ఏడు ఇదే లొల్లి మీది. మీకు డీజే పడదు. పిల్లలు వచ్చేదే దానికి. వాళ్లు రాకుంటే ఎవరికోసం చేస్తున్నం?”

ప్రతి ఏడూ డీజేని తిట్టే మాట నిజమే. కాబట్టి ఈ ఏడు కూడా అదే అనుకుంది. అనుకోనిచ్చాను. అసలు సంగతి చెప్పాలంటే లెటర్ సంగతి చెప్పాలి. పదిమందికి ఫోన్ చేసి మా ఆయన సంతకం అని చెప్పుకున్న మనిషికి.

“పాత పద్ధతే అందం” అని ఏదో గొణిగి లేచాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

లెటర్ వెనక్కి తీసుకుంటున్నానని సిటీకి ఈమెయిల్ రాశాను. బాగా వచ్చింది. డ్రాఫ్ట్స్‌లో ఉంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

డ్రాఫ్ట్స్‌లోనే ఉంది.

సెప్టెంబర్ 25, గురువారం

సగం రోజు సెలవు పెట్టి జాకీలు నేనే బిగించాను. ఉత్తరం వైపు దొంగ స్తంభానికి అటొకటి ఇటొకటి. ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు దూలానికి నిజమైన ఆసరా ఉంది. ఇన్నాళ్లు అనవసరంగా కంగారు పడ్డాను. ఈమెయిల్ డిలీట్ చేశాను.

దొంగ స్తంభం వెనక ఆ చిన్న తలుపు కూడా కనిపించింది. రంగు కింద దాక్కుని ఉంది. తెరవలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

హాలు నిండా పూలు. తంగేడు ఇక్కడ దొరకదు కాబట్టి రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్ కోసుకొస్తారు. గునుగు బదులు ఏవో తెల్ల పూలు, రంగులో ముంచినవి. రత్న, ఇషిత నేల మీద కూర్చుని బతుకమ్మ పేరుస్తున్నారు.

“కింది వరస గట్టిగ నొక్కు బిడ్డా. అది లూజుగుంటే మీద నువ్వెంత సక్కగ పేర్చినా ఒరిగిపోతది.”

“ఓకే, ఓకే, మమ్మీ.”

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఎప్పటిదో పాత పేపరు అని ఇషిత చెప్పేదాకా చూసుకోలేదు.

సెప్టెంబర్ 27, శనివారం

అందరూ బతికే ఉన్నారు. రేపు రాస్తాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

వరసగా రాయాలి.

మధ్యాహ్నం రెండింటికి మొదలు. రత్న, ఇషిత పొద్దున్నే వెళ్లిపోయారు. నేను పులిహోర గిన్నెలతో ఒంటిగంటన్నరకి చేరాను. స్క్వేర్ నిండా పట్టుచీరలు. చలిగాలికి కొంగులు ఎగురుతున్నాయి. గుమ్మంలో బంతిపూల తోరణం, దాని పక్కన ఫోటోలు దిగడానికి పూల గేటు.

పూల గేటు ఉత్తరం స్తంభం పక్కన ఉంది. జాకీలు లేవు.

వెతికాను. కోట్లు తగిలించే గదిలో, గొడుగుల స్టాండు పక్కన, రెండూ గోడకి ఆనించి ఉన్నాయి.

కోటేశ్వరరావు పట్టు లాల్చీలో ఎదురొచ్చాడు. “డెకరేషన్ వాళ్లు తీశారండీ. పొద్దున్న నుంచి చూస్తున్నాగా, ఏం కాలేదు. రేపు మళ్లీ పెట్టేసుకుందురు గాని.”

నేను అరవాలి. అరవలేదు. “పాటలు నెమ్మదిగా పెట్టమనండి” అన్నాను. ఆయన తలూపి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

పైన మొదలైంది. నేను కిందనే ఉండిపోయాను, ఆ స్తంభం పక్కన, దాని మీద చెయ్యి పెట్టి. అడుగు పడ్డప్పుడల్లా అరచేతికి తెలిసింది. మొదటి గంటన్నర నెమ్మది పాటలు. ఒక్కోసారి ఏమీ కాదులే అనిపించింది, ఒక్కోసారి జాకీలున్న గది వైపు చూశాను. ఇద్దరు ముగ్గురు పలకరించారు. పైకి రండి అంకుల్ అని. కాళ్ల నొప్పులన్నాను.

మూడున్నరకి డీజే వచ్చింది.

ఆరొందల మంది అడుగు ఒకేసారి పడింది. స్తంభం లోపల ఏదో మూలిగింది. చెక్క చప్పుడు. తర్వాత మెలిక వెంబడే, కింది నుంచి పైకి, సన్నటి పగులు పాకుతూ పోయింది. నా భుజం మీద, పూల గేటు మీద తెల్లటి పొడి రాలింది, ముగ్గుపిండి లాగా. పైన సీలింగులో ఒక రెక్కల పిల్లవాడి మొహం రెండు ముక్కలైంది.

గోడ మీద ఫైర్ అలారం ఎర్ర డబ్బా నాలుగు అడుగుల దూరంలో ఉంది. నెల రోజులుగా నోటితో చెప్పలేనిది చేత్తో లాగాను.

మెట్ల మీదుగా జనం దిగారు. తోసుకోలేదు, స్కూల్లో నేర్పినట్టే దిగారు, పిల్లలు ముందు. నేను వాళ్లని ముందు స్తంభాల వైపు నుంచి పంపించాను. ‘అటు కాదు, ఇటు’ అని ఎంత గట్టిగా అరిచానో గొంతు ఇప్పటికీ పట్టేసింది. రత్న చివర్లో దిగింది. ఇషిత ఆమె వెనక. వాళ్లిద్దరూ గుమ్మం దాటేదాకా నేను పైకి చూడలేదు.

ఫైరింజన్ వచ్చింది. మంటల్లేవని చూశారు. అలారం పొరపాటున మోగి ఉంటుంది, ఇంకో పది నిమిషాల్లో లోపలికి వెళ్లొచ్చు అన్నాడు కెప్టెన్. జనం చప్పట్లు కొట్టారు. కోటేశ్వరరావు మైకు తీసుకున్నాడు.

అప్పుడు చెప్పాను. అందరి ముందు, ఇంగ్లిష్‌లో, కెప్టెన్‌తో. నేను ఇంజనీరుని, ఆ లెటర్ నాది, వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

కోటేశ్వరరావు నా వైపు చూసిన చూపు రాయలేను. బేస్‌మెంట్ మెట్ల దగ్గర మా సూట్‌కేసు అందుకున్న మనిషి.

“బతుకమ్మలు పైననే ఉన్నయి” అంది రత్న. “నీళ్లల్ల వెయ్యకుంట ఎట్ల పోతం?”

కెప్టెన్ ఒప్పుకోలేదు. ఆడవాళ్లు కాసేపు అక్కడే నిలబడి, ఖాళీ స్క్వేర్‌లో మధ్యన ఏమీ లేకుండానే ఒక పాట పాడి, ఇళ్లకి వెళ్లారు.

సెప్టెంబర్ 30, మంగళవారం

సిటీ వాళ్లు ప్యాలెస్‌కి కంచె వేశారు. పై హాలు ఫోటో పంపారు, కిటికీ లోంచి తీసింది. ఎవరినీ లోపలికి వెళ్లనివ్వడం లేదట.

మధ్యలో పెట్టిన బతుకమ్మలు మధ్యలో లేవు. ముప్పైకి పైగా ఉన్నాయి, అన్నీ ఉత్తరం వైపు గోడ దగ్గరికి జారి, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. పసుపు పూలు నల్లబడ్డాయి.

రత్న ఆ ఫోటో చాలాసేపు చూసింది.

“ఇంకొక్క పాట అయితే ఏమయ్యేది?”

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

“ఇషిత ఆ మూలకే ఆడింది.” ఫోటోలో వేలు పెట్టి చూపించింది. “మీకు ఎప్పుడు తెలిసింది?”

“శనివారమే. పగులు చూశాక.”

“శనివారం.”

“శనివారమే.”

తను ఫోన్ నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి విప్పి ఉంచింది.

అక్టోబర్ 2, గురువారం

రేపు పదింటికి ఎంక్వైరీ. సిటీ ఇన్‌స్పెక్టర్, ఇంజనీర్ల లైసెన్సు చూసే సంస్థ మనిషి ఒకరు. ప్రశ్నలు ముందే పంపారు. మూడోది: ఈ ప్రమాదం గురించి మీకు మొదటిసారి అనుమానం కలిగింది ఎప్పుడు?

ఇరవై ఏడు అని చెబుతాను. పగులు చూశాను, అలారం లాగాను, అందరినీ కాపాడాను. ఇదీ నిజమే. అసోసియేషన్ వాళ్లు కొందరు ఫోన్ చేసి దేవుడిలా ఆదుకున్నావన్నారు. జాకీల సంగతి అడిగితే మామూలు జాగ్రత్త అంటాను. డోరతీని ఎవరూ అడగరు. సైట్ నోట్‌బుక్‌లో ప్యాలెస్ గురించి ఆగస్టు 9 తర్వాత ఒక్క అక్షరం లేదు. లైసెన్సు పోతే ఈ వయసులో నేనేం చేయాలి? జరగనిదానికి శిక్ష ఏమిటి?

ఈ పుస్తకం టోపీ, బూట్లు ఉండే సైట్ బ్యాగులోనే ఉంది. ఎవరు చూసినా గీతలనుకుంటారు.

అక్టోబర్ 2, సాయంత్రం

రేపటికి మీ బూట్లు తుడిచిపెడదామని బ్యాగు తీసిన. ఈ పుస్తకం దొరికింది. ఆఫీసులో ఎవరూ చదవలేరని తెలుగులో రాసుకున్నారు. ఇంట్లో ఒక మనిషికి తెలుగు వచ్చునని మరిచిపోయారు.

ఆగస్టు పదహారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టిన. నలభై రెండు రోజులు. పూలు ఏరుకునేటప్పుడు, బిడ్డకు చీర కుచ్చిళ్లు సర్దేటప్పుడు, మీరు పక్కనే ఉన్నారు. పేపరు చదువుతున్నారు.

అలారం లాగినందుకు నాకు సంతోషమే. దానికి మీకు దండం పెడతా. మిగిలినదానికి పెట్టలేను.

రేపు ఈ పుస్తకం తీసుకొని పోండి. చదివేవాళ్లు లేరంటే నేను వచ్చి చదువుతా.

– రత్న